మట్టం తప్పిన తాండూరు బండ

తాండూరు,
12 జూన్ 1978.

ప్రియమైన బిడ్డ ఎస్తేరుకు,

మీ పెద్దమ్మ సంతోషమ్మ ప్రభువు పేరిట దీవించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. డిపోలో బండలు కూడా క్షేమం. వానలు పడేలోగా ఇల్లు పూర్తి చేసుకోవాలని జనం ఎగబడుతున్నారు కాబట్టి గిరాకీ బాగుంది.

మొన్న వికారాబాద్ నుంచి మీ అమ్మ సుమిత్ర వచ్చింది. నువ్వు లదాక్ పోయావని చెప్పింది. ఎందుకు పోయిందే అంటే "రాళ్ళు చూడనీకె" అంది. నా డిపోలో బండల మీద పాకుతూ పెరిగిన పిల్లవు, రాళ్ళు చూడటానికి దేశం ఆ చివరికి పోవడమేమిటి? ఇంకా గట్టిగా అడిగితే మీ అమ్మ ఆకాశం వైపు వేలు చూపించి, "గా అంగారకుడి మీద రాళ్ళటక్కా. గక్కడికైతే పోనీకె రాదు గదా, అందుకే లదాక్ పోయింది" అంది. అది దవాఖానలో నర్సమ్మ, రోజూ నలుగురి నుదురు పట్టి చూసేది. ఆ రోజు దాని నుదురు నేను పట్టి చూశాను.

సరే, ఒక మాట మాత్రం చెప్పాలి. మన వంశంలో సర్కారు ఖర్చుతో రాళ్ళు చూడటానికి పోయింది నువ్వొక్కదానివే. మిగతా అందరం మన ఖర్చుతోనే చూశాం. ఆదివారం గుడిలో నేను మెడ నిక్కించి కూర్చున్నాను.

మన డిపో పద్ధతి నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను. చదువుకున్నవాళ్ళు తెలిసినవే ముందు మరిచిపోతారు. మన గనిలో పుట్టిన బండను దేశమంతా షాబాద్ బండ అని పిలుస్తుంటే మా అత్తగారికి ఒళ్ళు మండి, ప్రతి బండ అంచు మీద 'తాండూరు' అని చెక్కించడం మొదలుపెట్టింది. బండ పరిచాక ఆ పేరు నేలలోకి పోవాలి, ఎవరి కంటికీ ఆనకూడదు. ఆనిందంటే బండ లేచినట్టు, పని చెడినట్టు. అప్పుడు మన మేస్త్రీ మన ఖర్చుతోనే పోయి, బండ తీసి, మళ్ళీ మట్టంగా పరిచి రావాలి. ఎంత దూరమైనా సరే. కుల్కచర్లలో ఒకసారి లేస్తే పెళ్ళి పందిట్లోంచి మేస్త్రీని లేపి పంపాను. నువ్వు ఎక్కడ ఏ రాయి ముట్టినా ఈ ఇజ్జత్ గుర్తుపెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
సంతోషమ్మ.

తాజా కలం: చలి కోసమే పోయావని మీ అమ్మ అంటోంది. చలి కావాలంటే అనంతగిరి గుట్ట లేదా? క్రిస్‌మస్ నెలలో అక్కడ రెండు దుప్పట్లు చాలవు. బస్సు కూడా ఉంది.


గుడారం నుంచి, లేహ్‌కు పైన,
9 జులై 1978.

పెద్దమ్మకు,

ఎస్తేరు వందనాలు. నీ ఉత్తరం మిలిటరీ ట్రక్కులో వచ్చింది. మా గుడారం కాపలాదారు స్టాంజిన్ దాన్ని టోపీలో పెట్టుకుని కొండెక్కి తెచ్చిచ్చాడు. చదువుతూ నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే, ఎత్తు ప్రదేశం తలకెక్కిందేమోనని అతను వేడినీళ్ళు తెచ్చాడు.

నేను చేసే పని నీకు వివరంగా చెబుతాను. ఇక్కడ చలికాలంలో నేలలోని తడి గడ్డకట్టి ఉబ్బుతుంది. నేల పగులుతుంది. లోపలి రాళ్ళు కొంచెం కొంచెంగా పైకి వస్తాయి, పక్కకి జరుగుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగి జరిగి, రాళ్ళన్నీ వాటంతట అవే గుండ్రంగా, మూలలు మూలలుగా చేరతాయి. చూస్తే ఎవరో కూర్చుని పేర్చినట్టే ఉంటుంది. రెండేళ్ళ కిందట అంగారకుడి చుట్టూ తిరిగే యంత్రం ఒకటి ఫోటోలు పంపింది. అక్కడి నేల కూడా కొన్నిచోట్ల ఇలాగే ముక్కలు ముక్కలుగా ఉంది. అక్కడివి చాలా పెద్దవి, ఇక్కడివి మంచమంత. అందుకే పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఇక్కడ ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే, అక్కడ నేల కింద మంచు ఉందో లేదో ఊహించే దారి దొరుకుతుంది. అంగారకుడి మీద నీళ్ళ జాడ, పెద్దమ్మా! తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

చిక్కు ఒకటుంది. మా ప్రొఫెసర్ దేశ్‌పాండే గారు ఈ రాళ్ళ వలయాలు ఎప్పుడో పాతకాలపు చలిలో ఏర్పడ్డాయనీ, ఇప్పుడు నిద్రపోతున్నాయనీ అంటారు. అవి ఇప్పటికీ కదులుతున్నాయని నేను చూపించలేకపోతే వచ్చే ఏడు ఈ గుడారం ఎత్తేస్తారు. నేను హైదరాబాద్ వచ్చి రాళ్ళ డబ్బాలకు చీటీలు అంటించుకోవాలి. గుర్తు కోసం రాళ్ళకు రంగు పూసి పెట్టాను, మేకలు తన్నేశాయి. ఇనుప కడ్డీలు పాతాను, వాటికి ఎవరో మేకలు కట్టేసుకున్నారు. మేకలున్నవాడికి పాతిన కడ్డీ కనిపిస్తే ఇంకేం చేస్తాడు?

రెండు ఫోటోలు పంపుతున్నాను. ఒకటి ఇక్కడిది, ఒకటి అంగారకుడిది. ఎంత ఒకేలా ఉన్నాయో చూడు.

నీ
ఎస్తేరు.

తా.క.: అనంతగిరికి నా నమస్కారాలు. ఇక్కడ టీ గ్లాసులో చెంచా మరిచిపోతే, మర్నాడు చెంచా ఎత్తితే గ్లాసు కూడా పైకి లేస్తుంది.


తాండూరు,
4 ఆగస్టు 1978.

ప్రియమైన బిడ్డ ఎస్తేరుకు,

పెద్దమ్మ దీవెనలు. ఫోటోలు అందాయి. నేను చూసి మన వలీ మేస్త్రీకి ఇచ్చాను. అతను కళ్ళద్దాలు తుడుచుకుని, ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూసి, "అమ్మా, గీ పని చేసినోనికి కూలి గిట్ల ఇచ్చిన్రా?" అని అడిగాడు. "సందులు చూడుండ్రి, ఎడ్లబండి పోతది. మట్టం లేదు, వాటం లేదు. గీ రెండోది అయితే ఇంక అధ్వానం." రెండోది అంగారకుడిది.

బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ రాళ్ళు వాటంతట అవే గుండ్రంగా చేరాయని రాశావు. నా తల నెరిసింది ఈ బండల మధ్యే. ఒక్క బండ తనంతట తాను పోయి ఒకరి వాకిట్లో పరుచుకోవడం నేను చూడలేదు. పరుచుకునేదైతే వలీకి రోజూ చాయ్ ఎందుకు పోస్తాను? ఎవరో మేస్త్రీ ఉన్నాడు. పని చెడగొట్టి పేరు చెప్పకుండా పోయాడు. ముందు వాడెవడో కనుక్కో.

నాకు సంగతి అర్థమైంది. అక్కడా ఇక్కడా ఒకే రకంగా పని చెడింది. సర్కారు దాన్ని మళ్ళీ చేయించాలనుకుంటోంది. ఏ రాయి అంత చలికి ఆగుతుందో చూసి రమ్మని నిన్ను పంపింది. రహస్యం కాబట్టి నువ్వు నీళ్ళనీ మంచు అనీ రాస్తున్నావు. ఫికర్ చేయకు, నేను ఎవరికీ చెప్పలేదు. గుడిలో వాళ్ళకీ, స్టేషన్ దగ్గర వాళ్ళకీ తప్ప.

అయితే స్టేషన్ దగ్గర షాబాద్ బండలు అమ్మే ఖుద్దూస్ సేఠ్‌కు కూడా వాసన తగిలింది. అతని కంటే ముందు మన నమూనా చేరాలి. నమూనా చూపకుండా మాట మాట్లాడటం మన వ్యాపారంలో లేదు. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం, నీలి రంగు, మచ్చ లేని బండ ఒకటి నేనే ఏరి, అంచు మీద పేరు వలీతో చెక్కించి, గడ్డి చుట్టి పార్సిల్ చేశాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
సంతోషమ్మ.

తా.క.: పార్సిల్ ఆఫీసులో గుమాస్తా "లోపల ఏమున్నది?" అన్నాడు. బండ అన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. కొండల్లోకి అన్నాను. నేను మీ అమ్మను చూసినట్టే నన్ను చూశాడు.


గుడారం నుంచి,
20 సెప్టెంబర్ 1978.

పెద్దమ్మకు,

ఎస్తేరు వందనాలు. నీ బండ వచ్చింది. రాళ్ళు తప్ప ఇంకేమీ లేని దేశానికి తాండూరు నుంచి రాయి వచ్చింది. ట్రక్కులోంచి దింపిన జవాను నాకు సెల్యూట్ కొట్టి, "లోపల ఏదైనా యంత్రం ఉందా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. గడ్డి విప్పితే ట్రక్కు డ్రైవర్‌ను కూడా పిలిచి చూపించాడు.

పెద్దమ్మా, నీ కాళ్ళకు దండం పెడతాను, ఇది నేల పరిచే పని కాదు. ఇక్కడ గానీ అంగారకుడి మీద గానీ ఎవరూ బండలు వేయించబోవడం లేదు. మేస్త్రీ ఎవరూ లేరు. చలే ఇదంతా చేస్తుంది.

నీ మీద కోపంతో ఆ బండ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. తిరుగుతుంటేనే తట్టింది. దీన్ని మేక తన్నలేదు, గాలి కదపలేదు. దీనికి ఎవరూ మేకను కట్టలేరు. దేశ్‌పాండే గారు కూడా తల ఊపారు. ఒక రాళ్ళ వలయం అంచున నేల చదును చేసి, నీ బండను నేలతో సమానంగా దించి, రసమట్టం పెట్టి, నీటి బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా సర్ది పరిచాం. అంచు మీది పేరు మట్టిలోకి పోయింది, నీ పద్ధతి ప్రకారమే. చలికాలం ఇక్కడ ఎవరూ ఉండరు. వచ్చే జూన్‌లో చూస్తాం. నేల నిజంగా కదిలేదైతే బండ చెబుతుంది. కదలకపోతే నా చదువు ఇక్కడితో సరి. నీ బండ మీదే నా ఆశంతా ఉంది.

నీ
ఎస్తేరు.

తా.క.: స్టాంజిన్ రోజూ పొద్దున బండ మీద కూర్చుని టీ తాగేవాడు. బతిమాలి మాన్పించాను. "ఇంత నున్నటి రాయి ఏ దేశానిది?" అని అడిగాడు. చెప్పాను.


తాండూరు,
15 నవంబర్ 1978.

ప్రియమైన బిడ్డ ఎస్తేరుకు,

పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం డిపో ముందు నిలబడి అందరికీ చదివి వినిపించాను. "నీ బండను పరిచాం" అన్న చోట చప్పట్లు మోగాయి. ఆ పైన కిందా నువ్వు రాసినవి ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. నాకు కూడా.

అంగారకుడి లెక్కలో మొదటి బండ తాండూరుదే పడిందని ఊరంతా పొక్కింది. పరిగి నుంచి, మోమిన్‌పేట్ నుంచి జనం వచ్చి ఆ గని ఎక్కడుందో చూపించమంటున్నారు. బండల వ్యాపారులందరూ కలిసి నాకు దండ వేశారు. పాస్టర్ యోహాను గారు కృతజ్ఞత ప్రార్థనలో "భూమ్మీదనూ, అంగారకుడి మీదనూ" అని కలిపారు. ఖుద్దూస్ సేఠ్ మిఠాయి పట్టుకొచ్చి, "ముబారక్ అమ్మా" అని, తెచ్చిన మిఠాయి సగం తానే తిని పోయాడు. పాపం, అతని ముఖం చూస్తే నాకే జాలేసింది. బోర్డు కూడా రాయించాను. 'ఇచ్చట అంగారకుడికి సరిపడు బండలు దొరుకును.'

నవ్వకు. మీ అమ్మ ఆ బోర్డు ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఆడపిల్లకు రాళ్ళ చదువెందుకని మా ముఖం మీదే అన్నవాళ్ళు ఇప్పుడు డిపోకు వచ్చి నీ క్షేమం అడుగుతున్నారు. దానికంటే పెద్ద దండ నాకేం కావాలి?

వలీకి మాత్రం మనసు కుదురుగా లేదు. "కింద సున్నం పోసిన్రా అమ్మా? పొయ్యకుంటే నిలవది" అని రోజూ అడుగుతున్నాడు. పోశారో లేదో రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
సంతోషమ్మ.

తా.క.: పని చెడగొట్టిన ఆ మొదటి మేస్త్రీ పేరు నువ్వు ఇప్పటికీ రాయలేదు. దాచిపెడుతున్నావంటే మనవాడే అయి ఉంటాడని వలీ అనుమానం.


గుడారం నుంచి,
18 జూన్ 1979.

పెద్దమ్మకు,

వందనాలు. 

బండ లేచింది పెద్దమ్మా! నిరుడు అంత మట్టంగా పరిచిన బండ ఈ జూన్‌లో వచ్చి చూస్తే ఒక పక్క పైకి లేచి, ఒంకరగా నిలబడి ఉంది. దేశ్‌పాండే గారు బోర్లా పడుకుని అటూ ఇటూ చూశారు. రసమట్టం పెడితే బుడగ పరుగెత్తుకుని చివరికి పోయింది. ఆయన లేచి, కోటు దులుపుకుని, నాకు చెయ్యిచ్చారు. ఏడాదంతా కాదన్న మనిషి!

అంచు మీది 'తాండూరు' అక్షరాలు పూర్తిగా బయటపడి ఎండలో మెరుస్తున్నాయి. దగ్గరగా ఫోటో తీశాం. వచ్చే నెల అహ్మదాబాద్‌లో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల సభలో తెర మీద ఆ ఫోటో వేసి నేనే మాట్లాడబోతున్నాను. మన ఊరి పేరు తలుపంత అక్షరాలతో కనబడుతుంది.

ఒక్క చలికాలం చాలదు, రెండో చలికాలం కూడా బండ ఇదే దారిన లేస్తే అప్పుడు ఒప్పుకుంటానని దేశ్‌పాండే గారు అన్నారు. అప్పటిదాకా బండను ఎవరూ ముట్టుకోకూడదు. చుట్టూ తాడు కట్టి స్టాంజిన్‌ను కాపలా పెట్టాం.

నీ
ఎస్తేరు.

తా.క.: ఇంత ఒంకరగా లేచే బండ ఇంకెవరు పంపగలరు పెద్దమ్మా!


తాండూరు,
3 జులై 1979.

ఎస్తేరుకు,

పెద్దమ్మ రాసేది. క్షేమం అని రాయలేను.

నీ ఉత్తరం ముందు చదవకుండా, ఎప్పటిలాగే డిపో ముందు నిలబడి, అందరి ఎదుట విప్పాను. అది నా పొరపాటు. "బండ లేచింది" అని గట్టిగా చదివేశాక మిగతాది మనసులోనే చదువుకున్నాను. వలీ తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఖుద్దూస్ సేఠ్ మెల్లగా దగ్గరికి వచ్చి, "జానేదేవ్ అమ్మా, అంగారకుడు మస్తు దూరమున్నది గదా, ఎవ్వలు చూస్తరు?" అని ఓదార్చాడు. అతను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మన బండ లేచిందని నువ్వు సంతోషంగా ఎలా రాశావు? పేరు బయటపడిందట, ఎండలో మెరుస్తోందట, తలుపంత అక్షరాలతో శాస్త్రజ్ఞులకు చూపిస్తుందట! మా అత్త సమాధిలో లేచి కూర్చుంటుంది. ఆమె కాలం నుంచి ఈ డిపో బండ లేచి, లేచినట్టే ఉండిపోయింది లేదు. నీదీ తప్పు కాదులే, సున్నం పోయకుండా పరిస్తే ఏ బండైనా అంతే. వలీ ముందే చెప్పాడు.

మన నియమం ఎంత దూరమైనా సరే అన్నదే. వలీ, నేను బయలుదేరుతున్నాం. తాపీ, రసమట్టం, దారం, గోతంలో సున్నం సర్దాం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి జమ్మూ రైల్లో ఉంటాం. అక్కడి నుంచి బస్సులట. వలీ భార్య గౌసియాబీ దారికి రొట్టెలు చేసిచ్చింది. నువ్వు గుడారంలో ఉన్నా లేకపోయినా బండ తీసి, మట్టంగా పరిచి, పేరు నేలలోకి పంపి వస్తాను. నీ పరువు, నా పరువు రెండూ నిలబడతాయి.

మీ పెద్దమ్మ,
సంతోషమ్మ.

తా.క.: అహ్మదాబాద్‌లో ఆ ఫోటో ఎవరికీ చూపకు. చూపక తప్పదంటే, పేరు మీద వేలు పెట్టి చూపించు.


అహ్మదాబాద్,
17 జులై 1979.

(గుడారం కాపలాదారు స్టాంజిన్ ద్వారా పెద్దమ్మ సంతోషమ్మకు. వెంటనే ఇవ్వవలెను.)

పెద్దమ్మకు,

ఎస్తేరు వందనాలు, వెయ్యి వందనాలు. నీ ఉత్తరం తిరిగి తిరిగి ఇవాళే ఇక్కడ నా చేతికొచ్చింది. పెద్దమ్మా, బండను ముట్టుకోకు. నువ్వు ఈ ఉత్తరం చదివే సమయానికి వలీ చాచా చేతిలో తాపీ ఉంటే, ముందు అది కింద పెట్టించి తర్వాత చదువు.

ఆ ఒంకర మీదే నా చదువంతా నిలబడి ఉంది. నువ్వు సరిచేస్తే రెండో చలికాలం లెక్క పోతుంది. గుడారం ఎత్తేస్తారు. "మీ ఇంటివాళ్ళే వచ్చి జరిపారు" అంటే మొదటి ఏడాది లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో మాట. ఇన్నాళ్ళూ రాయలేదు, రాసేస్తున్నాను. నువ్వు ఊరంతటికీ నా గురించి గొప్పగా చెప్పుకున్నావు, దండ వేయించుకున్నావు. కానీ అదంతా నేను చేయని పనికి, పెద్దమ్మా. నేను చేసిన పని చూసి నువ్వు ఒక్కసారి గర్వపడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. ఎన్ని ఉత్తరాలు రాసినా నీకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. శాస్త్రజ్ఞులకు చెప్పడం ఇంతకంటే సులువు. నిన్న సభలో చెప్పాను, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నువ్వు లేవు.

ముట్టుకోకు పెద్దమ్మా.

నీ
ఎస్తేరు.

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపి రాస్తున్నాను. స్టాంజిన్ దగ్గర్నుంచి ఇప్పుడే టెలిగ్రాం వచ్చింది. "పెద్దమ్మ చేరింది. మేస్త్రీ సున్నం కలుపుతున్నాడు. ఏం చేయమంటారు?"


లదాక్, నీ గుడారం నుంచే,
27 జులై 1979.

ప్రియమైన బిడ్డ ఎస్తేరుకు,

ప్రభువు పేరిట మీ పెద్దమ్మ దీవించి రాసేది. నేను, వలీ క్షేమంగా చేరి చాలా రోజులైంది. ఊపిరి కొంచెం కష్టంగా ఉంది కానీ మాట్లాడటానికి ఇబ్బంది లేదు. వలీ మాటకు ఈ కొండల్లో కూడా అడ్డు లేదు. అతను తురకంలో ఏదో అంటాడు, స్టాంజిన్ ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వచ్చిన రోజే బండ చూశాం. తాడు దాటి పోబోతే స్టాంజిన్ అడ్డం నిలబడ్డాడు. ఈ బండ పంపింది నేనే అని చెప్పాక, పక్కకు జరిగి, దండం పెట్టాడు. బండ ఒంకరగానే ఉంది. మన ఊరి పేరు బట్టబయలుగా ఉంది. వలీ కళ్ళు తుడుచుకుని సున్నం కలిపాడు. పొద్దున్నే మొదలుపెడదామని తొట్టి అక్కడే పెట్టి పడుకున్నాం.

తెల్లారి లేచి చూస్తే తొట్టిలో సున్నం రాయైపోయి ఉంది. వలీ తాపీ దింపితే ఠంగుమంది. ఎండెక్కేదాకా ఆగుదామని నేను బండ పక్కన గొంతుకూర్చుని నేల చూస్తున్నాను. బిడ్డా, నేల మీద చిన్న చిన్న రాళ్ళన్నీ లేచి నిలబడి ఉన్నాయి. ఒక్కో రాయి కింద సన్నటి మంచు పోగులు, గుత్తులు గుత్తులుగా. "సేవయ్యా లెక్కున్నది గదమ్మా" అన్నాడు వలీ. సేమ్యాను వాళ్ళు అట్లా అంటారు. ఆ పోగులే రాళ్ళను నెత్తిన పెట్టుకుని ఎత్తుతున్నాయి. ఇద్దరం చూస్తూ ఉన్నాం. కాసేపటికి ఎండ తగిలింది. పోగులు కరిగి ఒరిగాయి. రాళ్ళు కింద పడ్డాయి, కానీ లేచిన చోట కాదు, కొంచెం పక్కన. అన్నీ ఒకే వైపు. ఆ తర్వాత వారం రోజులూ పొద్దున్నే లేచి చూశాం. మళ్ళీ అదే. మేం ఇంత మంది కూలీలను పెట్టి, అరిచి, చాయ్ పోసి చేయించే పని ఇక్కడ చప్పుడు లేకుండా జరిగిపోతోంది. సెలవు లేదు, కూలి లేదు.

ఏడాదిగా నిన్ను అడుగుతున్నాను గదా, మేస్త్రీ ఎవరని. మేస్త్రీని చూశాను.

వలీ రసమట్టం గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు. "అమ్మా, గింత పెద్ద మేస్త్రీ పట్టిన పనిల మనం వేలు పెట్టద్దు" అన్నాడు. నేను సరే అన్నాను. ఆ మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. నువ్వు వద్దని రాశావని ఆగలేదు. చూసి ఆగాను.

మట్టం తప్పిన మన బండను మట్టం చేయకుండా వదిలి రావడం నా బతుకులో ఇదే మొదలు. వదిలి వస్తున్నాను. తాడు కూడా నేనే మళ్ళీ బిగించి కట్టాను. ఒక్క బండ లేచినందుకు సిగ్గుపడ్డాను గానీ, ఇంత చలికి కొండలే పగిలాయి, నేల పగిలింది, అది మాత్రం చిన్న బీట కూడా తీయలేదు. ఎత్తితే లేచింది, ఎంత లేచిందో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నిజం చెప్పడానికి లేచిన బండకు సిగ్గెందుకు?

ఆ చప్పట్లలో నేను లేనని రాశావు. అది చదివి, తాడు పక్కన నిలబడి, నీ బండకు నేను చప్పట్లు కొట్టాను. వలీ కొట్టాడు. ఎందుకో తెలియకపోయినా స్టాంజిన్ కూడా కొట్టాడు. నువ్వు చేసిన పని నాకు అర్థమైంది బిడ్డా. ఇన్నాళ్ళూ ఊరికే గొప్పలు చెప్పాను. ఈసారి తెలిసి చెబుతాను. ఊరు పోగానే డిపో ముందు అందరినీ కూర్చోబెట్టి నీ మొదటి ఉత్తరం నుంచి మళ్ళీ చదువుతాను, చప్పట్లు కొట్టినా ఆపను. ఖుద్దూస్ సేఠ్‌ను ముందు వరసలో కూర్చోబెడతాను. బోర్డు కూడా మారుస్తాను. 'చలికి లేచును, పగలదు.'

ఇట్లు,
మీ పెద్దమ్మ,
సంతోషమ్మ.

తా.క.: ఎండెక్కాక సున్నం కరిగింది. పారేయడానికి చేతులు రాక వలీ మీ వంట గుడారం ముందు చిన్న అరుగు కట్టాడు. దానికి వాడిన రాళ్ళు నీ చదువు రాళ్ళు కావని స్టాంజిన్‌తో రెండుసార్లు చెప్పించుకున్నాకే ముట్టాడు. ఆ అరుగు లేస్తే మాకు సంబంధం లేదు, దాని మీద మన పేరు లేదు.

ఇంకొక తా.క.: ఫోటో చూపేటప్పుడు పేరు మీద వేలు పెట్టమన్నాను గదా. ఇక ఆ వేలు తీసెయ్.